నేను చెప్పిన రత్నాకర్ సాక్ష్యం

1998 ఆగస్టు 9, ఆదివారం, సాయంత్రం ఆరు గంటల నలభై నిమిషాలు. ఇన్నేళ్లుగా నేను మోస్తున్న బరువు ఆ నిమిషంలో నా మీదికి వచ్చింది. ఎవరూ ఎత్తి పెట్టలేదు. నేనే వంగి తీసుకున్నాను. ఫిల్మ్‌నగర్‌లో ఒక ఇంటి మేడ మీద గది అది. గోడ గడియారం నాకు ఎదురుగా ఉంది కనుక సమయం విషయంలో పొరపాటు లేదు. ఆరు ముప్పై తొమ్మిది దాకా నేను చేసింది నేరం కాదు. నన్ను కాపాడుకోవడానికి ఈ మాట అనడం లేదు. ఎక్కడ మొదలైందో కచ్చితంగా గుర్తించకపోతే అది ఎంతో తేలదు కనుక అంటున్నాను.

మీరెవరో నాకు తెలియదు. నేనెవరో మీకు తెలియకూడదు. ఈ ఒప్పందం మీదనే రాస్తున్నాను. పేర్లు మార్చాను. మిగతావేవీ మార్చలేదు. పద్దెనిమిదో ఏటి నుంచి రోజూ డైరీ రాసే అలవాటు నాది. ఆనాటి తేదీ కింద మాత్రం "వర్షం. కూటం. మాట్లాడాను" అని మాత్రమే ఉంది. అందులో అబద్ధం లేదు. అబద్ధమాడకుండా దాచడమే నా పద్ధతి అని నాకు చాలా ఆలస్యంగా అర్థమైంది. ఆ పద్ధతి కూడా మూడు వారాలే నిలిచింది.

అప్పట్లో మేము ముగ్గురం ఒక తోట బంగళాలో ఉండేవాళ్లం. గండిపేట దాటి చేవెళ్ల రోడ్డు మీద కొంత దూరం వెళ్లాక, లోపలికి మట్టిబాట, చుట్టూ జామతోట. యజమాని జూబ్లీహిల్స్‌లో కాపురముండే ఒక నిర్మాత. బంగళాను షూటింగులకు ఇచ్చేవారు. మాకు డబ్బింగ్ నేర్పే మాస్టారు ఆయనకు స్నేహితులు కావడం వల్ల వెనకవైపు రెండు గదులు మాకు దొరికాయి. షరతు ఒక్కటే. షూటింగు ఉన్న రోజున పరుపులు చుట్టి, ఆరేసిన బట్టలు తీసి, ఆ ఇంట్లో ఎవరూ ఉండటం లేదన్నట్టు చేయాలి. ముందు హాలు గోడలకు నెలలో రెండు రంగులైనా మారేవి. ఒక వారం కలెక్టరు ఇల్లు, మరో వారం ఫ్యాక్షన్ నాయకుడి ఇల్లు. మధ్యాహ్నం ఏ బల్ల మీద కథానాయిక తండ్రి గుండె పట్టుకుని ఒరిగిపోయేవాడో, సాయంత్రం ఆ బల్లనే తుడుచుకుని మేము పప్పన్నం కలుపుకునేవాళ్లం. ప్రతిదీ మరొకరిదిగా మారిపోయే ఇంట్లో నా యౌవనం గడిచింది. దీన్ని సాకుగా చెప్పను. అయితే ఈ సంగతి నాకు తోచలేదని కూడా చెప్పలేను.

మాలో మల్లేశ్‌ది సిద్దిపేట. అప్పట్లో సినిమాల్లో నాయకుడి గొంతుకు ఆ యాస పనికిరాదనేవారు. మాస్టారు అతని చేత "నేను వచ్చాను" అని పదే పదే పలికించేవారు. వాడు మైకు ముందు పలికి, బయటికి వచ్చి, "వచ్చిన సార్. గనీ నేనే వచ్చినట్టు లేదు" అనేవాడు. రెండోవాడు రత్నాకర్, తెనాలివాడు. క్రిస్మస్ నాడు తప్ప చర్చి మెట్లు ఎక్కని క్రైస్తవ కుటుంబం వాళ్లది. మూడోవాణ్ణి నేను. బాపట్ల దగ్గర ఒక ఊళ్లో పాస్టరు కొడుకును.

మా సంఘాల్లో ఒక కట్టుబాటు ఉంది. పాస్టరు కొడుకుగా పుట్టినంత మాత్రాన ఎవరూ సంఘ సభ్యుడు కాడు. ప్రభువు తనను ఎప్పుడు, ఎక్కడ, ఎలా తాకాడో తన నోటితో పదిమంది ముందు చెప్పాలి. దానినే సాక్ష్యం అంటాం. అది విని పెద్దలు నమ్మితేనే బాప్తిస్మం. నాతో పెరిగిన వాళ్లందరికీ ఏదో ఒకటి జరిగింది. ఒకడికి టైఫాయిడ్ జ్వరంలో జరిగింది. ఒకామెకు ఇంటర్ తప్పిన రోజున జరిగింది. నాకు జరగలేదు. మోకరించేవాణ్ణి. ఎదురుచూసేవాణ్ణి. మోకాళ్ల నొప్పి తప్ప మరేమీ తెలిసేది కాదు. మా నాన్న ఎప్పుడు ఫోను చేసినా చివర ఒకటే అడిగేవారు: "ఏమన్నా జరిగిందా నాన్నా?" ఇరవై ఒకటో ఏడు వచ్చేసరికి ఆయన గొంతులో ఆ ప్రశ్న సన్నబడింది. అడగడం మానేస్తారేమోనని నాకు భయంగా ఉండేది.

ఆ ఏడాది మే నెల నుంచి నేను ఫిల్మ్‌నగర్ ప్రార్థన కూటానికి వెళ్లేవాణ్ణి. మేకప్ సహాయకులు, కాస్ట్యూమ్ వాళ్లు, డ్రైవర్లు, కోరస్ పాడే ఆడవాళ్లు వచ్చేవారు. సంఘపెద్ద ఆశీర్వాదం గారు. ఆయన ప్రార్థనకు ముందు మూడుసార్లు గొంతు సవరించుకునేవారు. రత్నాకర్ నాతో ఒకసారి వచ్చి, ఆ సవరింపును పట్టేసి, షూటింగు విరామాల్లో అందరినీ నవ్వించాడు. ఆ సంగతి ఆయన దాకా పోయింది. నేను మోకరించి ఉన్నప్పుడు రత్నాకర్ పక్కనుంచి వెళుతూ, "ఏరా, లైన్ కలిసిందా? ఎంగేజ్ వస్తోందా?" అనేవాడు. నాకు కోపం వచ్చేది కాదు. ఎంగేజే వస్తోందని నాకూ తెలుసు.

జూలై చివరి వారంలో బంగళాకు ఒక డాక్యుమెంటరీ బృందం వచ్చింది. ఆ రోజుల్లో మన సినిమాల్లో మాటలన్నీ తర్వాత స్టూడియోలోనే చేర్చేవారు. వీళ్లు మాత్రం శబ్దాన్ని అక్కడికక్కడే పట్టేవారు. పని ముగిశాక అందరినీ కదలకుండా నిలబెట్టి, ఆ గది నిశ్శబ్దాన్ని రెండు నిమిషాలు రికార్డు చేస్తారు. ఏ గది నిశ్శబ్దం ఆ గదిదే కనుక, తర్వాత మాటల మధ్య సందులు పూడ్చడానికి అది కావాలి. ఆ రోజు శబ్దగ్రాహకుడి సహాయకుడికి జ్వరం. అతని బదులు రత్నాకర్‌ను నిలబెట్టారు. మధ్యాహ్నం మూడు గంటలప్పుడు వాడు హెడ్‌ఫోన్లు పెట్టుకుని మా హాలు నిశ్శబ్దం విన్నాడు. నేను అప్పుడు వంటగదిలో ఉన్నాను.

ఆ సాయంత్రం నుంచి వాడు నవ్వించడం మానేశాడు. మల్లేశ్ మూడు రోజులు చూసి, "వీనికి ఏమైందిరా? పొద్దుగాల్నుంచి ఒక్క కామెడీ లేదు. జర డాక్టర్‌కు చూపియ్యాలె" అన్నాడు. నాలుగో రోజున మోటారు దగ్గర బట్టలు ఉతుకుతూ రత్నాకర్ నాతో చెప్పాడు. "నవ్వకురా" అని మొదలుపెట్టాడు.

మొదట గాలి వినిపించిందట. తర్వాత గోడలో ఉన్న గొట్టంలో నీళ్లు. ఆ తర్వాత తన మెడలో నాడి. అవి కూడా ఒక్కొక్కటే పక్కకు జరిగాయట. వినడానికి ఇక ఏమీ మిగలలేదు. అప్పుడు తాను వినడం లేదని, తననే ఎవరో వింటున్నారని తెలిసిందట. తెలిసింది అనే అన్నాడు. అనిపించింది అనలేదు. తన వెటకారం అంతా, ఆసుపత్రిలో ఉన్న తల్లితో "నువ్వు లేకపోతే నాకీ ప్రయాణాలు తప్పుతాయి" అన్న మాటతో సహా, ఎవరో మధ్యలో అడ్డు రాకుండా ఓపికగా విన్నారట. రెండు నిమిషాలయ్యాక శబ్దగ్రాహకుడు భుజం తట్టాడట. ఇంతే. వెలుగు లేదు, స్వరం లేదు. నేను నా జీవితమంతా వెతికింది ఇదేనని నాకు వెంటనే అర్థమైంది. అది నా గదికి పదడుగుల దూరంలో, అడగనివాడికి, అరువు పనిలో ఉండగా దొరికింది.

అసూయ అనే మాట ఇక్కడ చాలదు. తలుపు దగ్గర ఇరవై ఏళ్లు నిలబడ్డ నన్ను దాటుకుని, తలుపు తట్టనివాణ్ణి లోపలికి పిలిచారు. ఎవరిని తప్పుపట్టాలి?

తర్వాతి రోజుల్లో వాడి చేత అది చాలాసార్లు చెప్పించుకున్నాను. కూటంలో చెప్పడానికి అలవాటవుతుందని వాడితో అన్నాను. అది కొంత నిజమే. డబ్బింగ్‌లో మాకు నేర్పేది కూడా అదే. సెట్‌లో నటుడు పలికిన ముతక మాటను చెవిలో వింటూ, అతను ఎక్కడ ఊపిరి తీసుకున్నాడో, ఎక్కడ మింగాడో పట్టుకుని, అక్కడే మనమూ తీసుకోవాలి. దాన్నే సింక్ అంటాం. రత్నాకర్ "నాడి" అన్నాక ఆగేవాడు. "తెలిసింది" అనే ముందు కిందికి చూసేవాడు. నేను ఆ ఆగడాలను నేర్చుకున్నాను. నేర్చుకుంటున్నానని అప్పుడు నాకు తెలుసా? తెలుసనే అనుకుంటాను.

ఆగస్టు 9న రత్నాకర్ కూటంలో సాక్ష్యం చెప్పాలి. ఆ ఉదయమే డాక్యుమెంటరీ వాళ్లు మిగిలిపోయిన పనికి వాణ్ణి పిలిచారు. వెళుతూ నాతో, "నా తరఫున నువ్వు చెప్పేయరా. అసలు నేను చెబితే వెటకారం అనుకుంటారు. నీ నోట అయితే నమ్ముతారు. ఆఖర్లో నేనొచ్చేస్తా" అన్నాడు. కనుక నేను లేచి నిలబడటం నా ఎత్తుగడ కాదు. ఆరున్నర దాటిన కొద్దిసేపటికి లేచాను. నోరు తెరిస్తే "నేను" అని వచ్చింది. డబ్బింగ్ చేసేవాడు "అతను" అని మొదలుపెట్టడు. ఎవరి మాట పలికినా "నేను" అనే పలుకుతాడు. చివర్లో "ఇది మా రత్నాకర్ అనుభవం" అని చేర్చాలని మనసులో ఉంది. ఆ వాక్యం సిద్ధంగా ఉంది. ఊపిరి తీసుకోవలసిన చోట తీసుకున్నాను. కిందికి చూడవలసిన చోట చూశాను. ముగించేసరికి ముందు వరసలో ఒకావిడ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడుస్తోంది. ఆశీర్వాదం గారు లేచి వచ్చి నా తల మీద చేయి పెట్టి, "మీ నాన్నగారి ప్రార్థన వ్యర్థం కాలేదు బాబూ" అన్నారు. నేను గడియారం చూశాను. ఆరు నలభై. సిద్ధంగా ఉన్న ఆ ఒక్క వాక్యం చెప్పడానికి ఎంత సమయం పడుతుంది? మూడు సెకన్లు. నేను తల వంచుకున్నాను.

రత్నాకర్ ఏడుంపావుకు వానలో తడిసి మెట్లెక్కి వచ్చాడు. "చెప్పావా?" అన్నాడు. చెప్పానన్నాను. "ఏమన్నారు?" అన్నాడు. స్తోత్రం అన్నారని చెప్పాను. వాడు సంతోషించాడు. నా జవాబులు రెండూ నిజాలే.

ఆ రాత్రి మెహదీపట్నంలో బస్సు కోసం నిలబడినప్పుడు ఫోను బూతు నుంచి నాన్నకు ఫోను చేసి, జరిగిందన్నాను. ఫోను పెట్టేశారేమో అనుకున్నాను. పెట్టేయలేదు. ఏడుస్తున్నారు.

మూడు వారాల తర్వాత, ఆగస్టు 30న, రత్నాకర్ బాప్తిస్మం కోరుతూ పెద్దల ముందు నిలబడ్డాడు. నలుగురు పెద్దలు, పదిహేను ఇరవై మంది సంఘస్తులు. నేను వెనక గోడకు ఆనుకుని కూర్చున్నాను. ఇక్కడి నుంచి జరిగింది నేను మాట పోకుండా చెప్పగలను.

వాడు గాలి గురించి చెప్పాడు. గొట్టంలో నీళ్ల గురించి చెప్పాడు. వెనక ఎవరో కిసుక్కున నవ్వారు. "నాడి" దగ్గర ఆగినప్పుడు, గదిలో అందరూ నా వైపు తిరిగారు.

"ఆగు బాబూ," అన్నారు ఆశీర్వాదం గారు. "నన్ను అనుకరించావు, పోనీ కుర్రతనం అనుకున్నాం. ఇది ప్రభువు సన్నిధి."

"అనుకరణ ఏంటండీ? నాకు జరిగింది చెబుతున్నా."

"నీకు జరిగిందా?"

"నాకేనండీ. కావాలంటే వాణ్ణి అడగండి. మొదట వాడికే చెప్పాను."

ఆయన నన్ను ముందుకు పిలిచారు. రత్నాకర్ ఊరటగా నా వైపు చూశాడు. ఆ ఊరటను వివరించలేను. సాక్షి వచ్చాడనుకున్న మనిషి ముఖం అది.

"చెప్పు బాబూ. ఆ సాక్ష్యం ఎవరిది?"

ఫోనులో ఏడ్చిన నాన్న గుర్తొచ్చారు. ఇది కూడా సాకే. ఆ క్షణంలో నిజంగా నాకు గుర్తొచ్చింది నా తల మీద ఆశీర్వాదం గారు పెట్టిన చేయి. ఆ చేయి బరువు.

"నాదేనండీ," అన్నాను.

ఇద్దరు పెద్దలు గొంతు తగ్గించి ఏదో మాట్లాడుకున్నారు. ఆ తర్వాత వాళ్లు చేసిన పని న్యాయమైనదేనని వాళ్లు నమ్మారు. ఇద్దరినీ ఒకరి తర్వాత ఒకరిని మళ్లీ మొదటి నుంచి చెప్పమన్నారు. నిజం చెప్పేవాడు తడబడడని వాళ్ల లెక్క. రత్నాకర్ ముందు చెప్పాడు. చెప్పలేకపోయాడు. నీళ్ల కంటే ముందు నాడి వచ్చేసింది. తల్లి మాట దగ్గర ఆగిపోయాడు. తర్వాత నేను చెప్పాను. ఎక్కడా తడబడలేదు. అప్పటికి వాడు లేని నాలుగు కూటాల్లో చెప్పి ఉన్నాను.

నేను ముగించాక వాడు నా వైపు చూసి మెల్లగా తల ఊపాడు. స్టూడియోలో మంచి టేక్ వచ్చినప్పుడు మేము ఒకరికొకరం ఊపేవాళ్లం, అలాగే.

"బ్రహ్మాండంరా," అన్నాడు. "సింక్ ఎక్కడా తప్పలేదు."

చెప్పులు వేసుకుని దిగిపోయాడు. వారంలోపే బంగళా ఖాళీ చేశాడు. మల్లేశ్ నన్ను చాలా అడిగాడు: "ఏందిరా మీ ఇద్దరి లొల్లి? నాకు గూడ సినిమా చూపిస్తున్రా?" ఏమీ లేదన్నాను.

సెప్టెంబరులో నాకు బాప్తిస్మం ఇచ్చారు.

ఆ తర్వాత నాకు మంచే జరిగింది. ఇది నేను దాచకూడదు. ఈ సాక్ష్యం ఒక ఊరి నుంచి మరో ఊరికి పిలుపులు తెచ్చింది. బైబిలు వాక్యం చదవడానికి, క్రైస్తవ ఆడియోలకు గొంతు ఇవ్వడానికి నన్నే పిలిచేవారు. ఆశీర్వాదం గారు తన చెల్లెలి కూతురిని నాకిచ్చి చేశారు. వెంగళరావు నగర్‌లో కాపురం పెట్టాం. నాన్న చివరి రోజుల్లో, తన మంచం పక్కకు వచ్చినవాళ్లందరికీ నా సాక్ష్యాన్ని తానే చెప్పేవారు. అమ్మ మాత్రం ఒకసారి అడిగింది: "నువ్వు లేకపోతే ప్రయాణాలు తప్పుతాయని నన్నెప్పుడు అన్నావురా? నేను ఆసుపత్రిలో పడుకున్నది ఎప్పుడు?" నీకు గుర్తులేదమ్మా అన్నాను. ఆమె నమ్మింది. కొడుకు అనని మాటను క్షమించింది.

నా మాట విని తాగుడు మానేసిన ఒక మేకప్ మనిషి నాకు తెలుసు. పిల్లల దగ్గరికి తిరిగి వెళ్లిన ఒక తల్లి తెలుసు. వాళ్లకు జరిగింది అబద్ధమా? నీళ్లు నిజమైనవైతే కుండ ఎవరిదన్నది ముఖ్యమా? ఇలా చాలా ఏళ్లు నన్ను నేను అడిగాను. ప్రశ్న బాగా కుదిరింది అనిపించిన ప్రతిసారీ, దాన్ని నేను అడుగుతున్నది జవాబు కోసం కాదని కూడా తెలిసేది.

అన్నిటికంటే చెప్పలేనిది మరొకటి ఉంది. పదేళ్లు గడిచేసరికి నాకు ఆ మధ్యాహ్నం గుర్తుండటం మొదలైంది. హెడ్‌ఫోన్ల మెత్తలు చెవులకు అంటుకున్న చెమట, భుజం మీద శబ్దగ్రాహకుడి చేయి, ఎదుటి గోడకు ఆ వారం వేసిన లేత ఆకుపచ్చ రంగు, అన్నీ నా అనుభవంలో ఉన్నాయి. నేను ఆ సమయంలో వంటగదిలో ఉల్లిపాయలు తరుగుతున్నాను. ఈ విషయం నాకు తెలుసు. అయినా ఉల్లిపాయలు గుర్తులేవు, హెడ్‌ఫోన్లు గుర్తున్నాయి. ఆ జ్ఞాపకంలో అన్నీ ఉన్నాయి, ఒక్కటి తప్ప. నన్ను ఎవరూ వినలేదు. అక్కడికి వచ్చేసరికి, ప్రతిసారీ, రత్నాకర్ వాడిన మాటలు మాత్రమే ఉంటాయి. వాటి వెనక ఏమీ లేదు.

ఈ సంవత్సరం జనవరిలో నన్ను సంఘపెద్దను చేశారు. ఫిబ్రవరిలో కాస్ట్యూమ్ విభాగంలో పనిచేసే ఒక అమ్మాయి బాప్తిస్మం కోరింది. ఆమె సాక్ష్యం చిన్నది. బట్టలు ఇస్త్రీ చేస్తుండగా, తాను ఒంటరిది కాదని తెలిసిందట. అంతకంటే చెప్పలేకపోయింది. చున్నీ అంచు వేళ్లకు చుట్టుకుంటూ తడబడింది. మిగతా పెద్దలు నా వైపు తిరిగి, "మీకు అనుభవముంది బ్రదర్. మీరు చెప్పండి, ఇది నిజమైనదేనా?" అన్నారు. ఆ పిల్ల నన్నే చూస్తోంది. ఆమె సంఘంలో ఉండటమా, మెట్లు దిగి వెళ్లడమా అన్నది నా నోటి మీద ఆధారపడి ఉంది. నిజమేనని చెప్పి, బయటికి వచ్చి, జూబ్లీహిల్స్ చెక్‌పోస్టు దాకా నడిచాను. ఎందుకు నడుస్తున్నానో తెలియలేదు.

మల్లేశ్‌కు ఫోను చేశాను. వాడిప్పుడు ఆ యాసతోనే మంచి పాత్రలు వేస్తున్నాడు. "రత్నాకరా? టోలిచౌకిల ఉంటడు. సౌండ్ పనే. నువ్వొస్తున్నవని చెప్పాల్నా?" అన్నాడు. వద్దన్నాను.

మార్చి మొదటి శనివారం ఉదయం వెళ్లాను. కింద బట్టల దుకాణం, పైన రెండు గదులు. ఒక గదిలో తెరలు, స్పీకర్లు. రత్నాకర్ జుట్టు పూర్తిగా నెరిసింది. నన్ను గుర్తుపట్టి, కుర్చీ మీది వైర్లు తీసి కింద పెట్టాడు. నేను అంతా చెప్పాను. ఆరు నలభై గురించి కూడా చెప్పాను, ఎందుకంటే అది వాడికి తెలియదు. నేను మొదటి నుంచీ దొంగిలించే ఉద్దేశంతోనే లేచానని అనుకున్నాడట. ఆ తేడా వాడికి ముఖ్యం అనిపించలేదు.

"వాళ్లు నన్ను దొంగన్నారని బాధపడ్డాను," అన్నాడు. "అది రెండు మూడేళ్లలో పోయిందిరా. పోనిది వేరే ఉంది. ఆ రెండు నిమిషాలు తలుచుకుందామని కళ్లు మూసుకుంటే నీ గొంతు వస్తుంది. ఆ రోజు నా ముందు నువ్వు చెప్పావు చూడు, అది. గాలి, నీళ్లు, నాడి... అన్నీ నీ గొంతులో. ఇక అక్కడ సైలెన్స్ లేదు."

సంఘంలో అందరికీ చెబుతానన్నాను. "నీ సంగతి నువ్వు చెప్పుకో. నా పేరు మాత్రం ఆ మేడ మీద ఎత్తకు," అన్నాడు. క్షమించమని అడగాలని వెళ్లాను. అడగలేదు. అది కూడా వాడి దగ్గర తీసుకోవడమే అవుతుందనిపించింది. బయలుదేరుతుంటే, "మెట్ల దగ్గర లైటు పోయింది, చూసుకుని దిగు," అన్నాడు.

మరుసటి ఆదివారం ఆరాధన ముగిసే ముందు లేచి, ఇరవై ఆరేళ్లుగా నేను చెబుతున్న సాక్ష్యం నాది కాదని, దాని యజమానిని అబద్ధికుణ్ణి చేశానని, నాకు ఎన్నడూ ఏమీ జరగలేదని చెప్పాను. వెనక నుంచి ఒకరు "స్తోత్రం" అన్నారు. ఇంకొకరు అందుకున్నారు. మా యువజన నాయకుడు కళ్లు తుడుచుకుంటూ వచ్చి నన్ను కావలించుకుని, "ఇదే అసలైన మారుమనస్సు అంకుల్. వచ్చే నెల మోతీనగర్ కూటాల్లో ఇది మీరు చెప్పాలి" అన్నాడు. నా నోటి నుంచి ఏది వచ్చినా వాళ్లకు సాక్ష్యంగానే వినబడుతుంది. అలా వినడం వాళ్లకు నేర్పింది నేనే. రానని చెప్పి, పెద్దరికానికి రాజీనామా ఇచ్చాను.

ఆశీర్వాదం గారు మాత్రం స్తోత్రం అనలేదు. ఎనభై దాటారు, ముందు వరసలో ప్లాస్టిక్ కుర్చీలో ఉన్నారు. నన్ను దగ్గరికి రమ్మని, "ఆ అబ్బాయి పేరేంటి బాబూ?" అన్నారు. చెప్పవద్దన్నాడండీ అన్నాను. ఆయన తన అరచేతుల వైపు చాలాసేపు చూసుకున్నారు.

ఇంటికి వచ్చాక నా భార్య చీర కూడా మార్చుకోకుండా కూర్చుంది. "మా మామయ్య మీ గురించి నాకు చెప్పింది ఒక్కటే విషయం. అది విని సరేనన్నాను," అంది. కాసేపటికి, "నేను సరేనన్నది ఎవరికి?" అంది. ఆమె ఇప్పటికీ ఆదివారం ఆరాధనకు వెళుతోంది. నేను వెళ్లడం లేదు.

ఇంతవరకు రాశాక నాకు తేలికగా ఉంది. తేలికపడే హక్కు ఉందో లేదో తెలియదు. ఉన్న మాట రాస్తున్నాను, అంతే.

పోయినవి: రత్నాకర్ సంఘం. వాడి ఆ రెండు నిమిషాలు. మా నాన్నకు నిజం తెలిసే అవకాశం. అమ్మకు క్షమించే పనిలేని కొడుకు. పెద్దరికం. ఉల్లిపాయలు తరిగిన ఒక మధ్యాహ్నపు జ్ఞాపకం.

మిగిలినవి: ఉద్యోగం, గొంతు. భార్య ఇంట్లోనే ఉంది, మాట్లాడుతోంది, అవసరమైనంత. తాగుడు మానేసిన ఆ మేకప్ మనిషి మళ్లీ తాగలేదు. ఇస్త్రీ చేసే అమ్మాయికి ఏప్రిల్‌లో బాప్తిస్మం ఇచ్చారు.

ఆదివారాలు ఇంట్లోవాళ్లు ఆరాధనకు వెళ్లిపోయాక, నేను మా ఇంటి వెనక గదిలో నోరు తెరవకుండా కూర్చుంటున్నాను. ఏమీ అడగడం లేదు. ఏమీ జరగడం లేదు. దీన్ని ఏ వైపు రాయాలో నాకు తెలియలేదు.